పదికి పన్నెండు

ప్రణాళికా సంఘాన్ని ఎత్తేసి 2015లో నీతి ఆయోగ్ పెట్టినప్పుడు, ఇక ఈ దేశంలో ప్లానింగ్ పోయిందని బెంగపెట్టుకున్నవాళ్లు ఒకసారి మా అక్కయ్య ఇంటికి వెళ్లాలి. మా మేనల్లుడు బీటెక్ మూడో ఏడాది. ఆరో సెమిస్టర్ పరీక్షలకు ఇంకా పన్నెండు రోజులుంది. వాడు చదవడం లేదు, ప్లాన్ చేస్తున్నాడు.

ఎక్సెల్ షీటు తెరిచి చూపించాడు. సెమిస్టర్‌కి 20 క్రెడిట్ల చొప్పున ఇప్పటికి 100 క్రెడిట్లు (క్రెడిట్లంటే సబ్జెక్టుల బరువు), సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల పాయింట్ల సగటు, పదికి 6.6. కంపెనీల కటాఫ్ 7. "ఈ సెమ్‌లో 9 వస్తే చాలు మామయ్యా" అన్నాడు, అర కిలో వంకాయలు చాలన్నంత తేలిగ్గా. ఇంతలో వంటింట్లోంచి అక్కయ్య, "ఎదురింటమ్మాయికి 7.5 అటరా!" అంది. వాడు 7కి బదులు 7.5 కొట్టాడు. షీటు 12 చూపించింది.

పదికి పన్నెండు.

నాకు నవ్వొచ్చింది గానీ వాడు నవ్వలేదు. "ల్యాబుల్లో లాగొచ్చు" అంటూ ల్యాబు గడులన్నిట్లో 10 నింపాడు. మిగతా సబ్జెక్టులు పన్నెండున్నర దాకా వెళ్లి కూర్చున్నాయి.

"ఇంతకీ ఏమేం సబ్జెక్టులురా?"

"మూడు క్రెడిట్లవి నాలుగు, నాలుగు క్రెడిట్లది ఒకటి, మిగతావి ల్యాబులు."

"పేర్లు?"

"హాల్‌టికెట్ మీద ఉంటాయి మామయ్యా."

వీడికో సిద్ధాంతం కూడా ఉంది. వాళ్ల గ్రేడింగులో 79 మార్కులకు 8 పాయింట్లు, 80కి 9, మళ్లీ 89కీ అదే 9. కాబట్టి 80 దాటాక చదివే ప్రతి పేజీ దండగ. ఎంత ఆలోచించినా ఇది తప్పని నిరూపించలేకపోయాను.

ఇక పర్సంటేజీ సంగతి. 7 సీజీపీఏలోంచి హైదరాబాద్ జేఎన్‌టీయూ లెక్కన 0.5 తీసి పదితో గుణిస్తే 65. ఏఐసీటీఈ పట్టిక ప్రకారం 0.75 తీస్తే 62.5. సీబీఎస్ఈ పదో తరగతికి చెప్పిన 9.5 పెట్టి గుణిస్తే 66.5. బియ్యం ఒకటే, మానికలు మూడు. ఏ మానికతో కొలిస్తే లాభమో అది కూడా షీటులో రెండో పేజీలో ఉంది.

వాడి రూమ్మేటు గురించి అడక్కుండా ఉండాల్సింది. పల్లెటూరి బడిలో తెలుగు మీడియం కుర్రాడు. మొదటి సెమిస్టర్లో లెక్చరర్ చెప్పే ఇంగ్లిషు అర్థం చేసుకునేసరికే పరీక్షలొచ్చాయి: 5.2. తర్వాత 5.9, 7, 7.9, మొన్న 8.6. సగటు 6.92. ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన కంపెనీ 7 దగ్గర గీత గీసింది. వాణ్ని లోపలికే రానివ్వలేదు. మొదట్నుంచీ 7 మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాణ్ని పిలిచారు. అయిదు మెట్లెక్కి వచ్చినవాడికి, కింది మెట్టు ఎందుకంత కిందుందని శిక్షా? ఆ అయిదు అంకెలూ వరసగా చదివే ఓపిక ఒక్కడికీ లేదా? సగటు తీయడం మిషను పని. మనిషిని చూడ్డానికి జీతాలిచ్చి హెచ్చార్ వాళ్లను పెట్టుకున్నదెందుకు మరి!

రాత్రి పదకొండింటికి మేనల్లుడు ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ లేదు.

"మామయ్యా, 6.5 కటాఫ్ కంపెనీలు కూడా ఉన్నాయి. అలా అయితే ఈ సెమ్‌లో 6 వచ్చినా చాలు."

"మంచిది. చదువుకో మరి."

"6కి చదవడం ఎందుకు మామయ్యా?"