నాలుగక్షరాల విమానాలు

ఉత్తరాది నుంచి వచ్చి చెన్నైలో దిగబోయే విమానం మా నెల్లూరు మీదుగా సాగుతున్నప్పుడు, అది ఏ రకమో తెలుసుకుందామని ఫోన్‌లో ట్రాకింగ్ యాప్ తెరిస్తే, ‘ఏ20ఎన్’ అనో ‘బీ38ఎం’ అనో కనిపించే పొడి అక్షరాలను చూసి మామూలు మనిషి ఏమి గ్రహించాలి? మొదటిది ఎయిర్‌బస్ ఏ320నియో, రెండవది బోయింగ్ 737 మ్యాక్స్ 8. నాలుగు అక్షరాలకు మించని ఈ సంకేతాలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఇచ్చినవి. గగనతల నియంత్రణ సిబ్బందికి అవి సబబే. చందా కట్టించుకునే యాప్ కూడా వాటినే యథాతథంగా మన ముఖాన పడేయడం శుద్ధ బద్ధకం.

పోనీ, నేర్చుకున్నా పూర్తి సంగతి తెలియదు. ఏ321నియోకూ, మరింత దూరం ఎగిరే దాని ఎక్స్‌ఎల్‌ఆర్ రూపానికీ ‘ఏ21ఎన్’ ఒక్కటే. అసలు విమానం తన స్థానం, ఎత్తు, వేగం తెలుపుతూ ప్రసారం చేసే ఏడీఎస్-బీ సమాచారంలో దాని కచ్చితమైన మోడల్ పేరే ఉండదు. అందులోని 24 బిట్ల గుర్తింపు సంఖ్యను తమ పట్టికలో వెతికి, దొరికిన రకాన్ని యాప్ వారే అతికిస్తారు. విమానం ఒక దేశం నుంచి మరో దేశానికి రిజిస్ట్రేషన్ మార్చుకుంటే ఆ సంఖ్యా మారుతుంది; అప్పుడు పట్టికను సవరించకపోతే విమాన రకం గడి ఖాళీగానో తప్పుగానో మిగులుతుంది. అది పట్టికలో చూసి రాసిన పేరని పక్కన చిన్న గుర్తయినా పెట్టరు.