హుద్‌హుద్‌ని ఎవరూ పంపలేదు

అక్టోబరు వచ్చిందంటే విశాఖ వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక మెసేజ్ మళ్ళీ వచ్చి పడుతుంది. 2014లో విశాఖను తాకిన హుద్‌హుద్ మామూలు తుఫాను కాదట. అలాస్కాలో అమెరికావాళ్ళ 'హార్ప్' కేంద్రం నుంచి తరంగాలు పంపి మన ఊరికి గురిపెట్టారట. రుజువులు నాలుగు: ఏడాది తేడాతో ఫైలిన్, హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి, పేరు ముందే పెట్టేశారు, గీత గీసినట్టు విశాఖ మీదికే వచ్చింది, మధ్యలో స్విచ్ ఆపినట్టు ఆగి మళ్ళీ మొదలైంది.

ఈసారి నాకు పంపినాయన పెదజాలరిపేటలో ఉంటారు. వరసకు బాబాయి. ఆ రోజు బోటు, వలలు, ఇంటి రేకులు మూడూ పోగొట్టుకున్న మనిషి. అందుకే నవ్వేసి ఊరుకోలేను.

ముందు హార్ప్ సంగతి. అది ఉన్నదే, రేడియో తరంగాలు పంపేదీ నిజమే. దాని శక్తి 3.6 మెగావాట్లు. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం 2,000 మెగావాట్లు. అంటే మన ఊరి పక్కనున్న కేంద్రంలో ఐదొందలో వంతు కూడా లేదు. బాగా ముదిరిన తుఫాను తన మేఘాల్లో విడుదల చేసే వేడి సుమారు 60 కోట్ల మెగావాట్లని అంచనా. పైగా ఆ తరంగాలు పనిచేసేది భూమికి 60 కిలోమీటర్ల పైనుండే అయనోవరణం అనే గాలి పొరలో. తుఫాను మేఘం మామూలుగా పదహారు, పదిహేడు కిలోమీటర్లు దాటదు. వీటన్నిటినీ మించిన మాట ఒకటుంది. అమెరికా సైన్యం ఆ కేంద్రంలో తన చివరి ప్రయోగం 2014 జూన్‌లో ముగించి, మూసేసే పనిలో పడింది. 2015 ఆగస్టులో అలాస్కా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. హుద్‌హుద్ వచ్చిన అక్టోబరులో అక్కడ ప్రయోగమే నడవలేదు.

హార్ప్ కట్టడం మొదలుపెట్టింది 1993లో. మరి 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఎవరు?

తేదీల విషయం. మన తీరానికి అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 1996 నవంబరు 6 కోనసీమది, 1999 అక్టోబరు 29 ఒడిశాది. 2018లో తిత్లీ పలాస దగ్గర అక్టోబరు 11న దాటింది. ఒక్క రోజు తేడా వచ్చేసరికి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కలిసిన తేదీలను ఏరుకుని, కలవనివాటిని వదిలేస్తే రుజువు అవదు.

పేరు ముందే ఉండటం నిజమే. ఈ సముద్రాల చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు తలా ఎనిమిది పేర్లిచ్చి జాబితా చేసుకున్నాయి. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చింది. వరసలో దాని వంతు అప్పుడొచ్చింది, అంతే.

గీత గీసినట్టు వచ్చిందంటే, పై గాలులు తోసిన దారిన వచ్చింది. 8వ తేదీన అండమాన్‌లో లాంగ్ ఐలాండ్ దాటి, వెచ్చటి బంగాళాఖాతం మీద నాలుగు రోజులు బలం పుంజుకుంది. ఉత్తరాంధ్ర, ఒడిశా తీరమని వాతావరణ శాఖ ముందే చెప్పి, ఆ తర్వాత విశాఖ చుట్టుపక్కలకు కుదించింది.

ఇక స్విచ్ ఆపినట్టు ఆగటం. అది నేనూ చూశాను. గాలి ఒక్కసారిగా తగ్గింది. మా వీధిలో జనం తలుపులు తీసుకుని బయటికొచ్చారు. కూలిన వేపచెట్టు దగ్గర నిలబడి అయిపోయిందనుకుంటుండగా ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొట్టింది. ఆ భయం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అది తుఫాను కన్ను. సుడి నడిమధ్యలో గాలి దాదాపు ఉండదు. కన్ను దాటాక సుడికి రెండో పక్క మన మీదికొస్తుంది గనక గాలి దిక్కు మారుతుంది. పెద్ద తుఫాను నడినెత్తిన వెళ్ళిన ఊరివాళ్ళందరికీ ఇదే అనుభవం.

ఇంత వివరం ఉన్నా మెసేజ్ ఎందుకు చావదు? మనం చిన్నప్పటి నుంచి విన్న మాట ఒకటుంది: డాల్ఫిన్ కొండ అడ్డుంది, విశాఖకు పెద్ద తుఫాను రాదు. ఆ నమ్మకం ఒక్క మధ్యాహ్నంలో పోయింది. చెట్లు పోయాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు, పాల ప్యాకెట్టు కోసం క్యూ కట్టాం. ఇంత నష్టానికి వేడెక్కిన నీళ్ళు, తిరిగే గాలి కారణమంటే మనసు ఒప్పుకోదు. నష్టం ఎంత పెద్దదో దాని వెనకున్న చెయ్యీ అంత పెద్దదై ఉండాలనిపిస్తుంది. తిట్టడానికి మనిషి దొరికితే ఏడుపు కొంచెం తేలికవుతుంది. బాబాయిది అబద్ధం చెప్పే బుద్ధి కాదు, దుఃఖం. నాకు కోపం ఆ దుఃఖాన్ని వాడుకునే మెసేజ్ మీద. తుఫాన్లు ఎవరో నడిపేవైతే వాతావరణ శాఖ మాట వినేదెవరు? ఆ హెచ్చరికల వల్లే రాష్ట్రంలో లక్ష మందికి పైగా ముందే సురక్షిత చోట్లకు చేరారు.

ఆదివారం వెళ్ళి ఇదంతా బాబాయికి చెప్పాను. హార్ప్ లెక్కలకు తల ఊపారు గానీ నమ్మినట్టు లేరు. "ముందు రోజు సాయంత్రం ఇల్లు ఎందుకు వదిలారు బాబాయ్?" అన్నాను.

"ఆటోలో మైకెట్టి సెప్పుకుంటూ తిరిగినారు కదా. పిల్లల్ని అట్టుకుని ఇస్కూలుకి ఎల్లిపోనాం."

"ఎప్పుడొస్తుందో, ఎక్కడ దాటుతుందో వాళ్ళకెలా తెలిసింది?"

ఆయన కాసేపు సముద్రం వైపు చూశారు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, ఆ మెసేజ్ ఎలా తీసెయ్యాలో అడిగారు.