ఆరో తరగతి, పదో తరగతి: ఒక బెజవాడ అద్వైతం

ఆరో తరగతి పిల్లవాడి అవసరాలు వేరు, పదో తరగతి పిల్లవాడి అవసరాలు వేరు అని లోకంలో ఇంకా కొందరు నమ్ముతున్నారు. విజయవాడ ఈ భ్రమ నుంచి ఎప్పుడో బయటపడింది. బెంజ్ సర్కిల్ నుంచి గుణదల దాకా ఏ కార్పొరేట్ బడి ఫ్లెక్సీ చూసినా సత్యం బోధపడుతుంది. పదకొండేళ్ల వాడికీ పదిహేనేళ్ల వాడికీ మెడలో అదే టై, ముఖంలో అదే గాంభీర్యం. దేహాలు వేరు కావచ్చు, లోపల వెలిగే ఐఐటీ ఒక్కటే. ఇదే మాట చెప్పడానికి శంకరాచార్యులు దేశమంతా కాలినడకన తిరగవలసి వచ్చింది. మనవాళ్లు ఒక అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకుని నిరూపించారు.

భేదవాదుల మాట కూడా విందాం, న్యాయం కదా. 2020 జాతీయ విద్యా విధానం 6–8 తరగతులను ఒక దశగా, 9–12 తరగతులను మరొక దశగా విడదీసింది. అంతటితో ఆగక, ఆ మధ్య దశలో పిల్లలందరూ ఒక పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగుల దగ్గరో, తోటమాలుల దగ్గరో, కుమ్మరుల దగ్గరో పని చూసి నేర్చుకోవాలంది. ఇందులోని ప్రమాదం ఢిల్లీలో కూర్చున్నవారికి అర్థం కాదు. సంచి తీసేస్తే పిల్లవాడు నిటారుగా నిలబడతాడు. నిలబడ్డవాడు చుట్టూ చూస్తాడు. చూసినవాడికి బ్యారేజీ కనబడుతుంది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడుగుతాడు. శనివారం పరీక్షలో ఆ ప్రశ్న లేదే!

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. ఉంది. అయిదో అంతస్తు పైన, నీళ్ల ట్యాంకు పక్కన. తలుపుకు తాళం వేసింది పిల్లల భద్రత కోసమే.

నిద్ర విషయంలో భేదవాదులు మరీ మొండివారు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి ఎనిమిది నుంచి పది గంటలు నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో లెక్క కట్టింది. యౌవనం మొదలయ్యాక నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుందట, అందుకే పెద్ద పిల్లలు తొందరగా పడుకోలేరట, తెల్లవారుజామున లేవలేరట. ఇది నమ్మి కాలిఫోర్నియావారు 2019లో చట్టమే చేశారు: మిడిల్ స్కూలు ఎనిమిదికి ముందు, హైస్కూలు ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదు. అరగంట తేడా కోసం ఒక శాసనసభ! మన పద్ధతి ఎంత సులువో చూడండి. పెద్దవాడి మెదడు తెల్లవారుజామున పనిచేయదు, చిన్నవాడి మెదడు రాత్రి తొమ్మిదికి పనిచేయదు. ఇద్దరినీ రెండు పూటలా స్టడీ అవర్‌లో కూర్చోబెడితే ఏ పూటైనా సగం మంది మేలుకునే ఉంటారు.

ఇక మనసు సంగతి. అయిదో తరగతి దాకా తన ఇంటిపేరు, తనకు పడని కూర కూడా తెలిసిన ఒక్క టీచరమ్మ చేతి కింద పెరిగిన పిల్లవాడు, ఆరులో పీరియడుకో కొత్త మనిషిని చూసి బెదురుతాడు. వాడికి పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి ఒకరు కావాలి. మనం హాల్‌టికెట్ నంబరు పెట్టి పిలుస్తాం. ఏడో తరగతి ఆడపిల్లకు బడిలోనే మొదటిసారి నెలసరి వస్తే, గొళ్లెం పడే మరుగుదొడ్డి, సిగ్గుపడకుండా చెప్పుకోవడానికి ఒక మేడమ్ కావాలి. శరీరానికి పాఠం వచ్చేదాకా ఆగే ఓపిక లేదు. (ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించాలి.) పదో తరగతివాడికి కావలసింది వేరే: తలుపు వేసుకోగల గది, తన మాట వినే నాన్న, ఎంపీసీనా, బైపీసీనా, మరొకటా అని తానే తేల్చుకునే హక్కు. కానీ తేల్చుకోవడానికి ఏం మిగిలింది? ఆరో తరగతి చేరికనాడే ఐఐటీ ఫౌండేషన్ గడిలో నాన్న టిక్కు పెట్టేశాడు. ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ అప్పటికి ఏడేళ్ల దూరం.

"మావాడు ఇంకా ఆరేనండీ" అని నసిగాడు మొన్న అడ్మిషన్ల గదిలో ఒక తండ్రి.

"ఆరా? కాస్త ఆలస్యం చేశారు సార్" అన్నాడు ఎదుటి కుర్రాడు, నిజమైన జాలితో.

ఆ తండ్రికి పెద్ద కూతురు కూడా ఉంది, తొమ్మిదిలోకి వస్తోంది. ఇద్దరికీ అదే భవనం, అదే బస్సు, అదే వారాంతపు పరీక్ష, అవే స్టడీ అవర్లు అని తెలిసి, మరి అమ్మాయికి అంత ఎక్కువ ఫీజు దేనికని అడిగాడు. కుర్రాడు రసీదు పుస్తకం సర్దుకుంటూ ఎంతో ఓర్పుగా వివరించాడు:

"హైస్కూలు పిల్లల అవసరాలు వేరు కదండీ."