గొడ్డలికి కత్తి కిట్టు బిగిస్తారా బాబూ?

వారం రోజులుగా మా పర్లాకిమిడి గ్రూపులన్నిట్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది, పాతపట్నం చుట్టాలు పంపారు, గుణుపురం నుంచి బావ పంపాడు, చివరికి మా ఆవిడ కూడా పంపింది. సంగతేంటంటే గొడ్డలి అంటే పెద్ద కత్తే, కాబట్టి కోణం చెదరకుండా పదును పెట్టే గైడెడ్ షార్పెనింగ్ కిట్టు ఒకటి కొని 20 డిగ్రీలు పెట్టి, చేతి మీద వెంట్రుకలు తెగేదాకా, అద్దంలా మెరిసేదాకా రుద్దండి, ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు) పెడితే ఇనుము పాడవుద్ది, తొందరుంటే గ్రైండర్ మీద రెండు నిమిషాలు చాలు, ఇక కమ్మరితో పనే లేదు అని. ఇందులో నిజం అసలు లేదని అనను, కానీ ఉన్న కాస్త నిజాన్ని పట్టుకుని మిగతాదంతా వండేశారు.

ముందు ఆ పెద్ద కత్తి మాట. కత్తి కోస్తుంది, గొడ్డలి కొడుతుంది. కత్తి వీపు మందం రెండు మూడు మిల్లీమీటర్లుంటే గొడ్డలి బుర్ర రెండు మూడు సెంటీమీటర్లు ఉంటది, అంచు నుంచి వెనక్కి చీలలా లావెక్కుతూ పోతుంది. కట్టెలోకి దిగాక దాన్ని పగలగొట్టేది ఆ లావే, పదును దారి చూపిస్తది అంతే. కిట్టులో ఉండేదేమో కత్తి వీపుని పట్టుకునే చిన్న బిగింపు, పక్కన డిగ్రీల రంధ్రాలున్న పట్టీ, ఆ రంధ్రంలోంచి జారే ఊచ చివర సానరాయి. కత్తికైతే బ్రహ్మాండం, నేను కాదనను. కానీ గొడ్డలి బుర్ర దాని నోట్లో పట్టదు కదా.

పట్టించాడు మా బావమరిది! చెక్క మీద గొడ్డలిని సి క్లాంపుతో బిగించి, కిట్టుని దాని వెనకాల ఇంకో క్లాంపుతో కట్టి, 20 రంధ్రంలో ఊచ దూర్చి మూడు సాయంత్రాలు కూర్చుని రుద్దాడు. ఇక్కడే ఫార్వర్డ్ రాసినోళ్ళకి లెక్క తెలీదని తేలిపోయింది, ఆ రంధ్రం పక్కన వేసిన నంబరు ఒక మామూలు వెడల్పు కత్తికి సరిపోయే నంబరు, అంచు ఊచ రంధ్రానికి ఎంత దూరం జరిగితే కోణం అంత పడిపోతుంది. దూరం ఒకటిన్నర రెట్లయితే 20 కాస్తా 14కి దగ్గరవుద్ది, రెండు రెట్లయితే 10. మావోడు 20 అనుకుని బ్లేడు తయారు చేసుకున్నాడన్నమాట. వెంట్రుకలు తెగాయి, నిజమే, వీడియో కూడా తీశాడు. మర్నాడు ఎండిన చింతమొద్దు మీద, అదీ కణుపు దగ్గర, నాలుగో దెబ్బకి గొడ్డలి అంచు నుంచి గోరంత ముక్కలు రెండు ఎగిరిపోయాయి. కళ్ళల్లో పడలేదు అదృష్టం.

ఇంకో తిరకాసు, 20 అంటే ఒక పక్కకా రెండు పక్కలకీ కలిపా? ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు. ఒక పక్క 20 అంటే కలిపి 40. వంటింటి కత్తికి పక్కకి 15 నుంచి 20 సరిపోతుంది. చెట్లు నరికే గొడ్డలికి పక్కకి 20 నుంచి 25, దుంగలు చీల్చేదానికి 25 నుంచి 30 పెట్టుకోవచ్చు. మాకిక్కడ జీడిమామిడి, పనస, నీలగిరి, చింత అన్నీ ఒకే గొడ్డలితో కొడతాం కాబట్టి నేనైతే 25కి తగ్గను. అంచు కూడా చదునుగా కాకుండా కొంచెం బియ్యపు గింజ పొట్టలా ఉబ్బుగా ఉంటేనే దెబ్బకి ఓర్చుకుంటది, కట్టెలో ఇరుక్కోకుండా బయటికొస్తది. ఊచ మీద జారే రాయి ఎంత రుద్దినా చదునే ఇస్తుంది, ఉబ్బు ఇవ్వదు.

ఆకురాయి ఇనుముని పాడు చేస్తుందన్నది మాత్రం చదివి నవ్వొచ్చింది. గొడ్డలి అంచు గట్టితనం రాక్‌వెల్ లెక్కలో సుమారు 50 నుంచి 58 మధ్య, మంచి ఆకురాయి 60 దాటి ఉంటది, అందుకే అది గొడ్డలిని గీకగలుగుతోంది. దాన్ని ముందుకీ వెనక్కీ రంపంలా లాగితే పాడయ్యేది గొడ్డలి కాదు, ఆకురాయి పళ్ళే. ముందుకి నెట్టినప్పుడే కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు పైకెత్తాలి. చేతికి తొడుగు, ఆకురాయికి పిడి తప్పనిసరి, జారితే వేళ్ళు అంచు మీదకే పోతాయి.

గ్రైండర్ సలహా అయితే ప్రమాదం. మామూలు బెంచి గ్రైండర్ నిమిషానికి 2800 చుట్లు తిరుగుద్ది, అంచు సన్నగా ఉంటది కాబట్టి వేడి వెనక్కి పోయే దారి ఉండదు. నీలం రంగు వచ్చిందంటే అక్కడ 300 డిగ్రీల చుట్టుపక్కల కాలినట్టు, గట్టితనం దిగిపోయినట్టే. తర్వాత ఎంత పదును పెట్టినా రెండు దెబ్బలకి మొద్దే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వీధి నిండా చెట్లు పడిపోతే, కరెంటు లేదు, ఎవరింట్లో ఉన్న గొడ్డలి వాళ్ళు తెచ్చారు, అందులో నా గొడ్డలే ముందు చేతులెత్తేసింది, ఎందుకంటే అంతకు ముందే నేనే గ్రైండర్ మీద పెట్టి కాల్చుకున్నా.

కమ్మరి సంగతి. ఇక్కడ మనం టాంగియా అని ఒడియాలో పిలుచుకునే గొడ్డళ్ళు చాలావరకు లారీ కమాను పట్టీలు కాల్చి కొట్టినవే. గట్టిపరిచేది అంచు దగ్గర కొంచెం మేరే. ఏళ్ళ తరబడి అరగదీస్తే ఆ గట్టి భాగం అయిపోయి మెత్తటి ఇనుము తగులుద్ది. అప్పుడు కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మళ్ళీ నీళ్ళలో ముంచి గట్టిపరచాలి. ఆ పని కిట్టు చేస్తదా?

ఒప్పుకోవాల్సింది కూడా చెప్తా. కోణం చెదరకూడదు అన్నది నిజమే, గొడ్డలి కోసమే చేసిన గైడ్లు కూడా ఉన్నాయి, టార్మెక్ వాళ్ళ నీళ్ళ సాన మిషన్‌కి గొడ్డలి బిగింపు విడిగా దొరుకుతుంది, రాయి నిమిషానికి 90 చుట్లే తిరుగుద్ది కాబట్టి కాలదు. కానీ నెలకోసారి కట్టెలు కొట్టే ఇంటికి అంత ఖర్చు దేనికి. స్కెచ్ పెన్నుతో అంచంతా నల్లగా పూయండి, ఆకురాయి నాలుగుసార్లు నెట్టండి, నలుపు ఎక్కడ పోయిందో చూడండి, అంచుకి వెనకాల మాత్రమే పోతే చెయ్యి ఎత్తాలి, చివర మాత్రమే పోతే దించాలి. అవతలి పక్క వేలికి సన్నటి గరుకు తగిలిందాకా ఒక వైపు, తర్వాత రెండో వైపు. ఆ పైన గుండ్రటి గొడ్డలి రాయితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ ఆ గరుకు పోగొట్టండి. మెరుపు అక్కర్లేదు, కట్టెకి అద్దం చూపించి ఏం లాభం.

మా బావమరిది గొడ్డలికి ఆ గాట్లు పోయేదాకా అరగదీయడానికి అరపూట పట్టింది. కిట్టు వాడి దగ్గరే ఉంది, కూరగాయల కత్తులన్నీ దాని మీదే. గొడ్డలికి మాత్రం ఊచ పీకేసి ఆ రాయిని చేత్తో పట్టుకుని రుద్దుతున్నాడు.