చెట్టు నీడలో కూర్చునే చెట్టుని తిట్టాం

మొన్న టెక్సస్ ఆస్టిన్‌లో మన సంఘం కార్తీక వనభోజనాల్లో, పులిహోర ప్లేట్లు చేతుల్లో ఉండగానే మైకులో కొత్త హాలు సంగతి ఎత్తారు. పార్కింగ్ ప్లాను సిటీ ఆఫీసులో ఆగిపోయిందట, మన స్థలం మూలనున్న లైవ్ ఓక్ చెట్టు వల్ల. "ఒక్క చెట్టుకి ఇంత రాద్ధాంతమా" అన్నారొకాయన. "రాత్రికి రాత్రి కొట్టేస్తే ఎవరికి తెలుస్తుందండీ" అన్నారు ఇంకొకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అప్పుడు మేమంతా కూర్చున్నది కూడా పార్కులో ఓ పెద్ద ఓక్ నీడలోనే (ఉసిరి మాత్రం కుండీలో తెచ్చి పెట్టుకున్నాం లెండి). తెలియకపోవడమేంటి, 1989లో ఇదే ఆస్టిన్‌లో ట్రీటీ ఓక్ అనే పాత చెట్టుకి విషం పోసినవాడు జైలుకెళ్లాడు.

చెట్ల మీద సిటీ రూలు 2010 నుంచీ ఉన్నదే. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కాండం అడ్డకొలత 24 అంగుళాలు, ఆపైన ఉన్న ఓక్, పికాన్ లాంటివి హెరిటేజ్ చెట్లు. 30 అంగుళాలకి చేరితే కొట్టడానికి సిటీ కమిషన్ ముందు బహిరంగ విచారణలో వేరియన్స్, అంటే రూలు నుంచి మినహాయింపు, తెచ్చుకోవాలి. మన చెట్టుని కొలిచిన రోజు నేనక్కడే ఉన్నాను. చెట్ల నిపుణురాలైన ఆర్బరిస్టు అమ్మాయి బెరడు మీద పాకే చీమల బారు నలగకుండా టేపు చుట్టి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని చదివింది: అడ్డకొలత 34 అంగుళాలు. అంగుళానికి అడుగు చొప్పున చుట్టూ 34 అడుగుల దాకా వేళ్ల జాగా అట. గొడ్డలే పెట్టక్కర్లేదు, ఆ జాగాలో లారీలు తిరిగి మట్టి గట్టిపడితే చాలు, హాలు ప్రారంభమయ్యాక నెమ్మదిగా ఎండుతుంది.

కమిటీ వాళ్ల కష్టం నాకు తెలుసు. ప్లాను మళ్లీ గీయించాలంటే విరాళాల డబ్బే పోవాలి. ఉగాదికి పక్కింటివాళ్ల వాకిళ్లకి అడ్డంగా కార్లు పెట్టి మాటలు పడేదీ వాళ్లే. కానీ హైదరాబాద్ దగ్గర చేవెళ్ల రోడ్డు వెడల్పులో మర్రిచెట్లు పోకూడదని మన వాట్సాప్ గ్రూపులో ఎన్ని ఫార్వర్డులు, ఎన్ని సంతకాలు! ఆ ప్రేమ ఇక్కడికొచ్చేసరికి ఏమైంది? ఊళ్లో చెట్లని దేవుళ్లలా చూసుకున్నామని సావనీర్లలో రాసుకుంటాం గానీ, మా ఇంటి ముందు వేపచెట్టుని వాస్తు పేరుతో కొట్టించింది మా నాన్నే, పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుని మరీ.

వచ్చే సర్వసభ్య సమావేశంలో వేరియన్స్ వద్దని చెయ్యెత్తండి, దయచేసి. చెట్టుని ఉంచితే పోయేది పన్నెండు కార్ల చోటు. అందులో ఒకటి నాది, దసరాకి రెండు వీధుల అవతల పెట్టి నడిచొస్తాను, మినిట్స్‌లో రాసుకోండి.