'అలవాటు' అనే మాట దగ్గరే ఆగిపోయింది నా కోర్సు

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ థియేటర్లో పేషెంట్ తలవైపు నిలబడే మనిషిని. అందుకే కాబోలు, నొప్పి గురించీ మత్తు అలవాట్ల గురించీ పీహెచ్‌సీ డాక్టర్లకి ఆన్‌లైన్ కోర్సు తయారు చేస్తున్నాం, పాఠాలు రాసిపెట్టండి అని నన్నడిగారు. ఎవరడిగారన్నది వదిలేయండి. సంబరపడి ఒప్పుకున్నాను. ఇది మూడో నెల. మొదటి పాఠం దాటలేదు, నా బీపీ మాత్రం దాటింది.

వాళ్ళ చేతిలో ముందే ఒక నమూనా ఉంది. అమెరికా కోర్సు. దాని మీద తెలుగు గొంతు పెడితే పని అయిపోతుందని వాళ్ళ లెక్క. స్లైడ్లో ఒక తెల్లాయన నడుం పట్టుకుని నిలబడ్డాడు, పక్కన ఆక్సీకోడోన్ అనే నల్లమందు జాతి నొప్పి మందు డబ్బా. మా జిల్లా ఆసుపత్రిలో ఇన్నేళ్ళుగా ఆ డబ్బా నేను చూడలేదు.

అమెరికా వాళ్ళ బాధ వేరే. 1980లో ఒక పేరున్న మెడికల్ జర్నల్లో అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో ఉండగా నల్లమందు జాతి మందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురే వ్యసనంలో పడ్డారని దాని సారాంశం. ఆసుపత్రి మంచం మీద, నర్సు చేతుల మీదుగా తీసుకున్నవాళ్ళ సంగతి అది. దాన్ని పట్టుకుని, నడుంనొప్పికి నెలల తరబడి ఇంట్లో మింగినా ఏమీ కాదన్నట్టు డాక్టర్లకి పాఠాలు చెప్పారు. 1996లో ఆ ఆక్సీకోడోనే ఆక్సీకాంటిన్ అనే పేరుతో వచ్చింది. 2007లో దాన్ని అమ్మే పర్డ్యూ కంపెనీ తన మందు గురించి తప్పుడు ప్రచారం చేశానని కోర్టులో ఒప్పుకుంది. ఆ తర్వాతైనా బుద్ధొచ్చిందా అంటే, 2012లో ప్రభుత్వం డాక్టర్లకి పెట్టించిన శిక్షణకి డబ్బిచ్చింది మళ్ళీ ఆ మందులు తయారు చేసే కంపెనీలే. దొంగ చేతికి తాళం చెవులిచ్చినట్టు. ఇప్పుడు 2023 జూన్ 27 నుంచి అక్కడ ఇలాంటి మందులు రాసే ప్రతి డాక్టరూ వ్యసనాల మీద 8 గంటల శిక్షణ పూర్తి చేశానని చెప్పాలి. అక్కడున్న నా బ్యాచ్‌మేట్ ఒకడు బట్టలు మడతపెట్టుకుంటూ విన్నానన్నాడు. నవ్వడానికి నాకేం హక్కుంది? డాక్టర్ల శిక్షణకి లెక్క కట్టే క్రెడిట్ అవర్ల కోసం మ్యూట్లో వీడియో ఆడించి ఇడ్లీ తిన్నవాణ్ణి నేనూ.

మన రోగం దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. రెండూ నల్లమందు జాతి నొప్పి మందులే అయినా, మనకి మార్ఫిన్ అంటే భయం, ట్రమడాల్ అంటే చనువు.

మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో ప్రభుత్వమే లైసెన్సులిచ్చి నల్లమందు పండిస్తుంది. దాన్నుంచి వచ్చే మార్ఫినే మన క్యాన్సర్ పేషెంట్‌కి అందదు. 1985లో మత్తుమందుల్ని కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక, కాస్త మార్ఫిన్ తెచ్చుకోవాలంటే ఆసుపత్రులు నాలుగైదు లైసెన్సుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. తేడా వస్తే జైలు. ఎవడికి కావాలి ఈ గొడవని చాలా ఆసుపత్రులు తెప్పించడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒక్క అనుమతి చాలన్నారు. చట్టం మారింది గానీ, ఆ ముప్పయ్యేళ్ళలో చదువుకున్న డాక్టర్ల చెయ్యి మారలేదు. మందు చూడకుండానే ఎండీలు అయిపోయినవాళ్ళున్నారు.

పోయినేడు ఒకాయన వచ్చాడు. పొగాకు నమిలీ నమిలీ చెంపకి క్యాన్సర్. పడుకుంటే పోటు ఎక్కువవుతుందని మూడు నెలలుగా గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు, అదీ పడితే. కొడుకు చేతిలో ట్రమడాల్ స్ట్రిప్పులు, ఖాళీవే ఒక సంచెడు. మార్ఫిన్ రాస్తున్నానంటే ఆ కుర్రాడు భయంగా అడిగాడు: "అది వాడితే అలవాటైతదంట గద సార్? మా ఊరి డాక్టర్ సార్ చెప్పిండు."

పది మిల్లీగ్రాముల బిళ్ళ, నాలుగు గంటలకొకటి. మలబద్ధకం చేసి తీరుతుంది కాబట్టి దానికీ మొదటి రోజు నుంచే మాత్ర. రెండు రోజులు కాస్త మగతగా ఉంటుందని ముందే చెప్పాం. మూడో రోజు పొద్దున వెళితే మనిషి మంచం మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. భార్య నోటి మీద వేలు పెట్టి నన్ను బయటికి పంపించేసింది.

నా కోర్సు ఆగింది ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరే. మన భాషలో 'అలవాటు' ఒక్కటే మాట. కాఫీ అలవాటే, బీడీ అలవాటే. కొన్ని వారాలు వాడిన మందు ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు తీపులు, చెమటలు పట్టడమూ అలవాటే. ఇల్లు అమ్మి అయినా ఆ మందు కోసం పరిగెత్తడమూ అలవాటే. మూడోది శరీరం సర్దుకుపోవడం. మెల్లగా తగ్గించుకుంటూ వస్తే తీరిపోతుంది. నాలుగోది వ్యసనం, జబ్బు. డాక్టరు ఆ రెంటినీ ఒకే మాటతో కలిపేస్తే, చావుబతుకుల్లో ఉన్న మనిషి నొప్పితో పోతాడు. అలాగని నొప్పికి ఇచ్చిన మందుతో ఎవరూ వ్యసనంలో పడరని చెప్పినా అబద్ధమే. 1980 ఉత్తరాన్ని పట్టుకుని చెప్పింది అదే కదా. ఇది స్లైడుకి ఎక్కించి కింద 'నెక్స్ట్' బటన్ పెడితే ఎవరికి ఎక్కుతుంది?

ఇక చనువు సంగతి. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్లో ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చారు. అంతకు ముందు దాకా మేమే చాక్లెట్లలా రాశాం. "ఇది మార్ఫిన్ కాదులే, ఏం కాదు" అని. బరువులు మోసే హమాలీలు, రాత్రిళ్ళు లారీ నడిపేవాళ్ళు కొందరు దాన్ని ఒళ్ళునొప్పుల బిళ్ళగా మొదలుపెట్టి రోజుకి పదికి చేరడం చూశాను. వాళ్ళు ఫిట్స్‌తో వస్తారు. ఏం వాడుతున్నావంటే "ఏమీ లేదు సార్, నొప్పుల గోలీ" అంటారు. అదీ అబద్ధం కాదు.

ఇలాంటిదే ఇంకొకటి. తొడ ఎముక విరిగి చేరిన ఒక పెద్దాయన, ఆపరేషన్ బాగా అయింది. మూడో రాత్రి గాల్లో దేన్నో ఏరుతూ, మంచం దిగి పారిపోబోయాడు. చేతులు కట్టేశారు. పిచ్చి ఎక్కిందన్నారు ఒకరు, మత్తు ఇంజెక్షన్ తేడా చేసిందన్నారు ఇంకొకరు (అంటే నా మీదికే). కేస్‌షీట్ తీశాను. 'మందు అలవాటు లేదు' అని ఉంది. భార్యని అడిగాను. "మందు ముట్టడు సారూ. కల్లు తాగుతడు, గంతే. దినాం మూడు సీసాలు."

గంతే! తెలంగాణలో కల్లు దుకాణాల్లో అమ్మే కల్లులో చాలాచోట్ల ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలుపుతారని మనందరికీ తెలుసు. అది ఒక్కసారిగా ఆగితే మూడో రోజో నాలుగో రోజో ఇలాగే అవుతుంది. 2020 లాక్‌డౌన్లో దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు కట్టిన వరుసలు గుర్తున్నాయా? ఆ కేస్‌షీట్ రాసిన హౌస్ సర్జన్ తప్పేం లేదు. ఆ పిల్ల మందు గురించి అడిగింది, ఆయన మందు గురించే చెప్పాడు. అమెరికా స్లైడ్లలో కల్లు ఉండదు కదా.

నొప్పి కొలిచే స్కేలూ అంతే. సున్నా నుంచి పది దాకా ఎంతమ్మా అని అడిగితే "ఏం పదో నాయనా, పానం పోతోంది" అంటుంది ముసలమ్మ. అదే ముసలమ్మ మర్నాడు తనంతట తానే "రూపాయిలో పావలా తగ్గింది" అంటుంది. ఇంతకంటే స్కేలు ఏం కావాలి? మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఉందంటే నరాల నొప్పిని అనుమానించాలి, దానికి వాడే మందులే వేరు. సలుపు వేరు, నులినొప్పి వేరు. ఇదంతా పేషెంట్ నోట్లోనే ఉంది. మనం ఇంగ్లీషులోకి 'పెయిన్ ప్లస్', అంటే నొప్పి ఉంది, అని రాసి పారేస్తాం.

నేను వాళ్ళకి చెప్పింది ఒకటే. వీడియోలు తగ్గించండి, వారానికో గంట కాల్ పెట్టండి. న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే లివర్ డాక్టర్ 2003లో మొదలుపెట్టిన ఎకో పద్ధతి ఇదే. కాసేపు పాఠం, తర్వాత ఒక ఊరి డాక్టరు తన పేషెంట్ గురించి పేరు చెప్పకుండా వివరిస్తాడు, మిగతావాళ్ళు అడుగుతారు, అందరూ కలిసి తేలుస్తారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వ్యసనాల మీద, తిరువనంతపురంలో పాలియం ఇండియా అనే సంస్థ నొప్పి మీద ఇలాగే నేర్పుతున్నాయి. భయం అనేది చదివితే పోదు. మొదటి మార్ఫిన్ చీటీ రాసే రాత్రి ఫోనెత్తే మనిషి ఒకడుంటే పోతుంది.

జవాబేంటో తెలుసా? "వీడియో అయితే ఒకసారి తీస్తే చాలు కదండీ." పైగా స్పాన్సర్ దొరికాడట, నొప్పి మాత్రలు అమ్మే కంపెనీ. స్లైడు మూలన చిన్న లోగో, అంతేనట. ఆ లోగో ఉంటే నా పేరు ఉండదని మెయిల్ పెట్టాను. పది రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు.

ఈలోగా మా జిల్లా డాక్టర్లం పదకొండుమందిమి బుధవారం రాత్రి తొమ్మిదికి కాల్లో కలుస్తున్నాం. సర్టిఫికెట్ లేదు, క్రెడిట్ అవర్లు లేవు. నొప్పి మాటల జాబితా ఒకటి రాస్తున్నాం. 'జివ్వుమంటోంది', 'నిప్పులు పోసినట్టుంది', 'లోపల ఎవరో పీకుతున్నట్టుంది' ఇప్పటికే ఎక్కాయి. మీ ఊళ్ళో ఇంకేమంటారో కింద రాయండి, ఏ జిల్లానో కూడా చెప్పండి.