మా పిన్ని పేరు తెలియదట!

మా పిన్ని పేరేమిటో ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదని పోయిన మంగళవారం అధికారికంగా తేలింది. ఒడిశాలోని మా బరంపురం పాత బస్టాండు దగ్గర ఒక జెరాక్స్ షాపులో, పగలు పదకొండున్నరకి, కంప్యూటర్ సాక్షిగా తేలింది. అరవై ఏడేళ్ళుగా ఆ పేరు పెట్టి పిలిస్తే పలికిన మనిషి. ఆ పేరుతోనే రేషన్ తెచ్చుకుంది, ఓటేసింది, ఠాకురాణి యాత్రకి చందా రాయించింది. అమ్మవారు కూడా ఏ కార్డూ అడక్కుండా పుచ్చుకుంది. అవేవీ చెల్లవు.

సంగతేమిటంటే, పిన్ని కూతురు పరాయి దేశంలో ఉంది. నెలలు నిండుతున్నాయి. పురుడు పొయ్యడానికి తల్లి వెళ్ళాలి. అది ఏ దేశమో చెప్పను. వీసా చేతికొచ్చేదాకా ఆ పేరు ఎత్తకూడదని మా ఇంట్లో ఆంక్ష. పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరు చూడండి, ఇదీ అలాంటిదే. కాకపోతే మొగుడంటే ఇంత భయం ఉండదు.

దరఖాస్తు ఇంట్లో కూర్చుని ఫోన్లోనే నింపుకోవచ్చని ఆ దేశం వారి ఉవాచ. నింపుకోవచ్చు. గడి మీద వేలు పెట్టగానే కీబోర్డు పైకొచ్చి ఆ గడినే కప్పేస్తుంది. కీబోర్డు దించితే గడి కనిపిస్తుంది గానీ కొట్టడానికేమీ ఉండదు. రెండు రోజులు ఈ దోబూచులాట ఆడి షాపుకొచ్చాం.

మొదటి గడి ఇంటిపేరు. రెండో గడి అసలు పేరు. చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. కానీ మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు నడుస్తుంది. ఇల్లు ముందు, మనిషి వెనక. ఇక్కడి ఒడియావాళ్ళకి అది చివర్న వస్తుంది. పాఢి, సాహు, పట్నాయక్, అన్నీ తోకలోనే. గంజాం జిల్లా తెలుగువాళ్ళం రెంటికీ మధ్య ఇరుక్కున్నాం. బళ్ళో చేర్చినప్పుడు మాస్టారు చివరిమాట ఏదుంటే అదే ఇంటిపేరని రాసుకున్నాడు. ఆ లెక్కన బరంపురం తెలుగువాళ్ళలో సగం మందిది ఒకే ఇల్లు, రావుగారిల్లు. ఇంతమంది ఒకింటివాళ్ళు ఒకరికొకరు పిల్లనెలా ఇచ్చుకుంటున్నారో ఆ దేశం వాళ్ళకి ఇంకా అనుమానం రాలేదు. వస్తుంది.

దానికితోడు ఒడియాలో మన 'వ' చాలాచోట్ల 'బ' అయి కూర్చుంటుంది. విజయ బిజయ, వాసుదేవ బాసుదేవ, వెంకట బెంకట. తప్పుపట్టడం లేదు. వాళ్ళ నోట వింటే ముద్దుగానే ఉంటుంది. మా వీధిలో ఒకాయన ఓటరు కార్డులో బెంకటరావు, పాన్ కార్డులో వెంకటరావు, కరెంటు బిల్లులో వెంకట్రో. మాకు ముగ్గురూ ఒక్కడే. ఫారానికి మాత్రం ముగ్గురు దొంగలు.

ఇక మా పిన్ని. ఆవిడ పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడింది. ఇంటిపేరు గడి ఖాళీ. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఫారం చాలా దయగా చెప్తుంది. ఉన్న పేరంతా తెచ్చి ఇంటిపేరు గడిలో పొయ్యాలి. అసలు పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు కొట్టాలి. అర్థం: మొదటి పేరు తెలియదు. షాపు కుర్రాడు అది కొట్టి, తెలుగులో చెప్పాడు కూడా.

పిన్ని కాసేపు ఆలోచించింది. "తెలీకపోతే నన్నడగొచ్చు కదరా. ఇక్కడే కూకున్నాను కదా" అంది.

దీనికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. దుబాయి వెళ్ళేవాళ్ళ గతి ఇంతకన్నా ఘోరం. పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవాళ్ళకి విజిట్ వీసా మీద ప్రవేశం లేదని 2022 నవంబరులో యు.ఎ.ఇ. చెప్పేసింది. కనీసం మా పిన్నిని అజ్ఞాతవ్యక్తిగానైనా రానిస్తామంటున్నారు.

పుట్టిన ఊరు గడి దగ్గర మరో అరగంట పోయింది. మా ఊరు తెలుగులో బరంపురం, పాస్‌పోర్టులో బెర్హంపూర్, రైల్వే బోర్డు మీద బ్రహ్మపుర్. పైగా బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో మరో బెర్హంపూర్ ఉంది. చాలామంది ఉత్తరాలు అక్కడికెళ్ళి, గాలి మార్చుకుని వస్తుంటాయి. పాస్‌పోర్టులో రాష్ట్రం ఒరిస్సా. 2011 నవంబరులో అది ఒడిశా అయింది. ఇప్పుడు ఏది కొట్టాలి? మా అమ్మమ్మ బతికుంటే ఈ ఫారం ఎలా నింపేదో ఊహించండి. ఆవిడ పుట్టినప్పుడు ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసింది. ఆవిడ పోయేనాటికి ఒడిశా. మూడు పేర్లు మారినా ఆవిడ ఆ పెంకుటింటి వరండా దిగింది లేదు.

ఈ సందర్భంలో ఈ ఊళ్ళో పుట్టిన ఒక పెద్దమనిషి గుర్తొచ్చాడు. వరాహగిరి వెంకటగిరిగారు. 1894లో పుట్టారు. ఆయనైతే ఏం కొట్టేవారు? ఇంటిపేరు వరాహగిరి ముందుంది, చివర మళ్ళీ గిరి ఉంది. రెండు గిరుల మధ్య వెంకన్న. ఇవాళ ఓటరు కార్డు ఇస్తే బరాహగిరి బెంకట గిరి. అది సర్దుకున్నా, ఫారంలో ఇంకో ప్రశ్న ఉంది: మిమ్మల్ని ఎప్పుడైనా ఏ దేశం నుంచైనా వెళ్ళగొట్టారా? ఆయన 1913లో చదువుకోవడానికి ఐర్లండు వెళ్ళారు. అక్కడి స్వాతంత్ర్యవాదులతో చేతులు కలిపారని 1916లో దేశం విడిచి పొమ్మన్నారు. అబద్ధం ఆడని మనిషి కాబట్టి 'అవును' అనే కొడతారు. అంతే, ఎర్ర అక్షరాలు. 1969లో భారత రాష్ట్రపతి అయ్యారని చెప్పుకోవడానికి ఆ పేజీలో గడి లేదు.

ఫోటో గురించి క్లుప్తంగా ముగిస్తాను. అమెరికాకి రెండంగుళాల చదరం కావాలి, ఐరోపాలోని షెంగెన్ దేశాలకి 35 మిల్లీమీటర్లు బై 45 కావాలి. ఎవరికైనా వెనక లేతరంగు గోడే కావాలి, మొహంలో నవ్వు ఉండకూడదు. ఈ ఒక్క షరతూ మేం ఏ శ్రమా లేకుండా నెరవేర్చాం.

తర్వాత, మీరు మనిషేనా అని అడిగింది. తొమ్మిది బొమ్మలు చూపించి, మంటలార్పే నీళ్ళ కుళాయిలు ఏవో నొక్కమంది. అవి వాళ్ళ వీధుల్లో ఎర్రగా, పొట్టిగా, చేతులు చాపి నిలబడి ఉంటాయి. పిన్ని వంగి చూసి, చెంపలేసుకుని, "ఏ ఊరి అమ్మోరు?" అంది. కుర్రాడు మూడు అమ్మవార్లని నొక్కాడు. మనిషే అని తేలింది.

అప్పుడొచ్చింది భర్త పేరు.

కుర్రాడు ఒడియావాడు. ఇరవై ఏళ్ళుంటాయి. తెలుగు బాగానే మాట్లాడతాడు. "మావుసీ, భర్త పేరు చెప్పండి" అన్నాడు. మావుసీ అంటే ఒడియాలో పిన్నే. పిన్ని చీర కొంగు సర్దుకుని, "కొండమీద స్వామి పేరు" అంది.

"జగన్నాథ్?" అన్నాడు. వాడి లెక్కలో కొండంటే నీలాద్రి, దేవుడంటే పూరీ.

"ఆయన కాదు బాబూ. దక్షిణం వైపు."

"సింహాచలం? నరసింహ?"

"ఇంకా కిందికెళ్ళు."

వాడు కిందికి వెళ్తున్నాడు. నేను చెప్పబోయాను. ఎవరో నా కాలు తొక్కారు. బాబాయి. పక్క స్టూలు మీదే కూర్చుని ఉన్నాడాయన, మొదట్నుంచీ. నోరు మెదపడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఒక్కసారైనా ఆవిడ నోట తన పేరు వినలేదు. పరాయి దేశం ధర్మమా అని ఇవాళ వినొచ్చని ఆశ పుట్టింది కాబోలు. టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"బాలాజీ!" అన్నాడు కుర్రాడు, గెలిచినట్టు. పిన్ని తలూపింది. వాడు బాలాజీ అని కొట్టాడు. ఆవిడ లెక్కలో ధర్మం నిలబడింది, పనీ అయింది. కానీ పాస్‌పోర్టు ఆఖరి పేజీలో భర్త పేరు వేరే ఉంది. అది చెప్పేలోగా ఇరవై నిమిషాలయ్యాయి. గడిలో ఏమీ కొట్టకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటే ఆ ఫారం అలుగుతుంది. తెర తెల్లబోయింది. మళ్ళీ లాగిన్, మళ్ళీ అమ్మవార్లు.

ఈసారి భర్తని తర్వాత చూద్దామని ముందుకెళ్ళాం. మీరు ఏదైనా తెగకు గానీ వంశానికి గానీ చెందినవారా? ఈ ప్రశ్న పిన్నికి చాలా నచ్చింది. పొద్దుట్నుంచీ మర్యాదగా అడిగిన ప్రశ్న ఇదొక్కటే. గోత్రంతో మొదలెట్టి, పుట్టింటివైపు నాలుగు తరాలు, అత్తింటివైపు మూడు తరాలు చెప్పింది. కుర్రాడు 'లేదు' కొట్టాడు. మీకు పేలుడు పదార్థాల్లో గానీ రసాయనాల్లో గానీ ప్రత్యేక అనుభవం ఉందా? అప్పడాల పిండిలో ఖారం, అంటే అప్పడాల సోడా, ఎంత వెయ్యాలో తనకి తెలిసినట్టు ఈ వీధిలో ఎవరికీ తెలీదంది. 'లేదు'. మీరు ఉగ్రవాద సంస్థలో సభ్యులా? భజన సంఘం ఒక్కటే అంది. మీరు గూఢచర్యం చెయ్యడానికి వస్తున్నారా? అంటే ఏమిటని అడిగింది. నేను చెప్పాను. "అల్లుడి జీతం ఎంతో కనుక్కోవాల" అంది నిజాయితీగా. 'లేదు' కొట్టించాను.

తర్వాతి ప్రశ్న కుర్రాడు చదవలేదు. అప్పటిదాకా ప్రతిదీ తెలుగులో చెప్తున్నవాడు ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. పిన్ని వైపు చూడకుండా, నా వైపు కూడా చూడకుండా, 'లేదు' నొక్కేసి పేజీ తిప్పాడు. నేను చదివాను. మీరు వ్యభిచారం చెయ్యడానికి వస్తున్నారా, గత పదేళ్ళలో చేశారా అని ఉంది.

అరవై ఏడేళ్ళ మనిషిని. కూతురికి పురుడు పొయ్యడానికి, కాయంలేహ్యం డబ్బా చేత్తో పట్టుకుని వెళ్ళే తల్లిని. అందరినీ అడుగుతాం, ఇది రూలు, మనసులో పెట్టుకోవద్దు అంటారు. ఎవరికి రూలు? వాళ్ళ దేశం వాళ్ళు మా గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఎండ కాచుకోవడానికి వస్తారు కదా, వాళ్ళ అమ్మనీ అమ్మమ్మనీ మేం ఎప్పుడైనా ఇలా నిలబెట్టి అడిగామా? అడిగే నోరు ఎలా వచ్చింది? ఆ గది ఏసీలో కూర్చుని ఈ వాక్యం రాసినవాడికి తల్లి లేదా? జెరాక్స్ షాపులో పేజీకి రెండు రూపాయలు తీసుకునే కుర్రాడికి ఉన్న సిగ్గు ఒక ప్రభుత్వానికి లేదు. దీనికి మనం డబ్బు కట్టాలి. కాదు పొమ్మన్నా ఆ డబ్బు వెనక్కి రాదు.

"ఏటడిగారు?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ. ఆరోగ్యం బాగుందా అని."

"మంచోళ్ళే" అంది.

అక్కడితో అయిందా? మీరు తిరిగి మీ దేశానికి వెళ్తారని రుజువులుంటే సిద్ధంగా ఉంచుకోండని సలహా. ఇల్లు, పొలం, బ్యాంకు పుస్తకం. అంటే పిన్ని అక్కడ విమానం దిగి, లగేజీ తీసుకుని, గుంపులో కలిసిపోయి పరారీ అవుతుందని వాళ్ళ భయం. మోకాళ్ళ నొప్పులతో.

మా తాతయ్య, అంటే ఈ పిన్ని తండ్రి, కుర్రతనంలో గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగం వెళ్ళాడు. మా వైపు పాతవాళ్ళకి రంగూన్ అంటే రంగమే. ఇక్కడి ఊళ్ళ నుంచి కూలికి వెళ్ళనివాడు లేడు. వెళ్ళినవాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలోదే. ఆయన్ని ఎవరూ ఇంటిపేరు ముందా వెనకా అని అడగలేదు. టికెట్టుకి డబ్బులున్నాయా అని అడిగారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. తర్వాత ఏడాది లక్షల మంది కొండలూ అడవులూ పట్టి నడిచి ఇండియా చేరారు. దారిలో కలరాకి, మలేరియాకి పోయినవాళ్ళు పోగా, మా తాతయ్య వచ్చాడు. రేకుపెట్టె అక్కడే వదిలేసి, ఒంటిమీద పంచెతో ఈ వీధికే వచ్చాడు. తిరిగొచ్చే అలవాటు మా ఇంట్లో ఉందో లేదో ఆయన పాదాలు చెప్పేవి. వాటిని పీడీఎఫ్ చేసి, రెండు ఎంబీ లోపు కుదించి అప్‌లోడ్ చెయ్యలేకపోయాం. అది మా తప్పే.

మధ్యాహ్నం రెండైంది. ఇంక మిగిలింది భర్త పేరు ఒక్కటే. షాపులో జనం పెరిగారు. కుల ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ళు, కాలేజీ అడ్మిషన్లకి వచ్చినవాళ్ళు, అందరూ మా వెనకే నిలబడి వింటున్నారు. కుర్రాడు గడియారం వైపు చూసి, "మావుసీ, నాలుగు నిమిషాలే ఉంది, మళ్ళీ పోతుంది" అన్నాడు. ఆవిడ బాబాయి వైపు చూసింది. ఆయన పైకప్పు ఫ్యాన్ వైపు చూశాడు. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

"వెంకటేశ్వర్లు!" అంది పిన్ని, కళ్ళు గట్టిగా మూసుకుని, షాపంతా వినపడేలా.

బాబాయి చేతిలో టీ తొణికి పంచె మీద పడింది. తుడుచుకోలేదు. మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

కుర్రాడు తలూపి, కొట్టేదాన్ని పైకే చదువుకుంటూ మొదలుపెట్టాడు. "బి... ఇ... ఎన్..."